భాగం – 11 : పరదేశంలో యువ మోర్మన్ మిషనరీ దైనందిన జీవితం

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 సంఘం, మిషన్ : నేపథ్యం
11.3 విడిపోయే దశ : పిలుపు, శిక్షణ
11.4 నడిమి దశ : పరదేశంలో దినచర్య
11.5 తిరిగి చేరే దశ
11.6 విశ్లేషణ : గోడలు లేని సంస్థ
11.7 తెలుగు ప్రాంతంతో సంబంధం
11.8 సారాంశం
11.9 సమీక్ష ప్రశ్నలకు సమాధానాలు
11.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు
11.11 పారిభాషిక పదాలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు :

• యువ మోర్మన్ మిషనరీ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో వివరించడం
• మిషనరీ దినచర్యలోని నియమాలను, వాటి ఉద్దేశాలను గుర్తించడం
• వాన్ గెనెప్ చెప్పిన మూడు దశలను ఈ ఉదాహరణకు అన్వయించడం
• 'సంపూర్ణ సంస్థ' అనే భావన ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుందో చర్చించడం

11.1 పరిచయం

టోక్యో, పారిస్, సావో పాలో వంటి నగరాల్లో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. తెల్ల చొక్కా, టై, ముదురు రంగు ప్యాంటు వేసుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు వీధి వెంట నడుస్తూనో, సైకిళ్ళ మీదనో వెళుతుంటారు. ఇద్దరి జేబుల మీద నల్లని పేరుబిళ్ళలు ఉంటాయి. వయసు ఇరవై ఏళ్ళు కూడా ఉండకపోవచ్చు. స్థానిక భాషను తడబడుతూ మాట్లాడతారు. ఒక ఇంటి తలుపు తట్టి, లోపలి నుంచి "వద్దండి" అనిపించుకుని, పక్క ఇంటికి వెళతారు. వీరు మోర్మన్ మిషనరీలు.

వీరిని చూడగానే ఎవరికైనా కలిగే సందేహం ఒకటే : వీరు ఎంతమందిని తమ మతంలోకి తీసుకురాగలుగుతారు? సమాజశాస్త్ర విద్యార్థిగా మీరు మరొక ప్రశ్న కూడా వేయాలి. ఈ పద్దెనిమిది నెలల్లో, లేదా రెండేళ్ళలో, ఆ యువతీ యువకులు తాము ఎంతగా మారతారు? ఈ భాగంలో మనం ముఖ్యంగా ఈ రెండో ప్రశ్ననే పరిశీలిస్తాం.

ఇందుకు రెండు భావనలు ఉపకరిస్తాయి. మొదటిది, ఆర్నాల్డ్ వాన్ గెనెప్ 1909లో ప్రతిపాదించిన 'పరివర్తన సంస్కారాలు'. ఒక స్థితి నుంచి మరొక స్థితికి చేరే మనిషి విడిపోవడం, నడిమి దశ, తిరిగి చేరడం అనే మూడు దశలను దాటతాడని ఆయన చెప్పాడు. రెండోది, ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో వివరించిన 'సంపూర్ణ సంస్థ'. పిచ్చాసుపత్రి, జైలు, సైనిక శిబిరం, మఠం వంటి చోట్ల మనిషి నిద్ర, పని, విశ్రాంతి అన్నీ ఒకే అధికారం కింద, ఒకే కాలపట్టిక ప్రకారం, తనలాంటి ఇతరుల మధ్య నడుస్తాయి. ఒక యువ మిషనరీ జీవితంలో ఈ రెండూ కలుస్తాయి.

11.2 సంఘం, మిషన్ : నేపథ్యం

ఈ మత సంఘాన్ని జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించాడు. బైబిలుతో పాటు 'మోర్మన్ గ్రంథం' వీరికి పవిత్ర గ్రంథం. అందుకే వీరికి 'మోర్మన్లు' అనే పేరు వచ్చింది. సంఘం అసలు పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము'. తమను పూర్తి పేరుతోనే పిలవాలని 2018లో సంఘ నాయకత్వం కోరింది. అయినా వాడుకలో పాత పేరే ఎక్కువగా వినిపిస్తున్నందువల్ల ఈ భాగంలోనూ దానినే వాడుతున్నాం. ప్రధాన కార్యాలయం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది.

స్థాపించిన సంవత్సరమే ఈ సంఘం ప్రచారకులను పంపడం మొదలుపెట్టింది. 1837లో వారు ఇంగ్లండు చేరారు. 1901 ఆగస్టులో హీబర్ జె. గ్రాంట్ నాయకత్వంలో నలుగురు జపానులోని యొకొహామా రేవులో దిగారు. ఆ నలుగురిలో ఆల్మా ఓ. టేలర్ వయసు అప్పటికి 19 ఏళ్ళు. అతడు 1910 వరకు జపానులోనే ఉండి, భాష నేర్చుకుని, మోర్మన్ గ్రంథాన్ని జపనీస్‌లోకి అనువదించాడు. ఆ అనువాదం 1909లో అచ్చయింది. కానీ 1924లో ఆ మిషన్‌ను మూసివేసే నాటికి, ఇరవై మూడేళ్ళ శ్రమకు సంఘంలో చేరినవారు రెండు వందల మందికి మించలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1948లో మళ్ళీ తెరిచారు. ఈ భాగంలో మనం ఎక్కువ ఉదాహరణలను జపాను నుంచే తీసుకుంటాం. జనాభాలో క్రైస్తవులు సుమారు ఒక శాతమే ఉన్న ఆ దేశంలో మిషనరీ అనుభవం స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటి రోజుల్లో పెళ్ళయి పిల్లలున్న పురుషులు కూడా ఇల్లు వదిలి ప్రచారానికి వెళ్ళేవారు. కాలక్రమంలో అది పెళ్ళికాని యువతీ యువకుల బాధ్యతగా మారింది. 2012 అక్టోబరులో కనీస వయసును యువకులకు 19 నుంచి 18కి, యువతులకు 21 నుంచి 19కి తగ్గించారు. ఈ మార్పుతో మిషన్‌కు వెళ్ళే యువతుల సంఖ్య బాగా పెరిగింది. యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు పనిచేస్తారు. 1830 నుంచి లెక్కిస్తే 2007 నాటికి పది లక్షల మంది మిషన్ చేశారని సంఘం ప్రకటించింది. ప్రస్తుతం ప్రపంచమంతటా 70 వేల మందికి పైగా పనిచేస్తున్నారు.

ఇది జీతం లేని పని. పైగా ఖర్చులో కొంత మిషనరీయో, అతని కుటుంబమో భరించాలి. పూర్వం ఏ దేశానికి పంపితే అక్కడి ఖర్చు కుటుంబం మీద పడేది. టోక్యోకు వెళ్ళినవాడి ఇంటికి బరువు, చౌక దేశానికి వెళ్ళినవాడి ఇంటికి తేలిక అయ్యేది. 1991 నుంచి అమెరికా వంటి దేశాల వారికి ఎక్కడికి వెళ్ళినా ఒకే నెలసరి మొత్తం నిర్ణయించారు. అది 2020 జులైలో నెలకు 400 డాలర్ల నుంచి 500 డాలర్లకు పెరిగింది. చాలామంది ఇందుకోసం చిన్నప్పటి నుంచే డబ్బు దాచుకుంటారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
1. 2012లో మిషనరీల కనీస వయసులో వచ్చిన మార్పు ఏమిటి?
2. 1991లో ఖర్చుల విధానాన్ని ఎందుకు మార్చారు?

11.3 విడిపోయే దశ : పిలుపు, శిక్షణ

యూటాలోనో, ఐడహోలోనో ఉన్న ఒక పద్దెనిమిదేళ్ళ యువకుడిని ఊహించుకోండి. ఉన్నత పాఠశాల చదువు పూర్తయింది. అతడు దరఖాస్తు చేస్తాడు. స్థానిక మత నాయకులు మాట్లాడి అతని విశ్వాసాన్ని, ప్రవర్తనను పరిశీలిస్తారు. వైద్య పరీక్షలు జరుగుతాయి. తరవాత 'పిలుపు' వస్తుంది. ఏ దేశానికి వెళ్ళాలో, ఏ భాష నేర్చుకోవాలో కోరుకునే వీలు అతనికి లేదు. పూర్వం ఆ పిలుపు పెద్ద తెల్ల కవరులో తపాలాలో వచ్చేది. 2018 చివరి నుంచి ఆన్‌లైన్‌లో వస్తోంది. అయినా బంధుమిత్రులందరినీ ఇంటికి పిలిచి, వారి ముందే తెరిచి చదివే అలవాటు పోలేదు. ఆ క్షణంలోనే అతనికి తెలుస్తుంది – తాను వెళ్ళేది జపానుకు అని.

బయలుదేరే ముందు స్థానిక సంఘ పెద్ద అతని తల మీద చేతులుంచి ప్రార్థించి, అతడిని మిషనరీగా 'ప్రత్యేకిస్తాడు'. ఆ నిమిషం నుంచి నియమాలన్నీ అమలులోకి వస్తాయి. సొంత పేరు వెనక్కి పోతుంది. యువకుడైతే 'ఎల్డర్', యువతి అయితే 'సిస్టర్' అని ఇంటిపేరుకు ముందు చేర్చి పిలుస్తారు. తోటి మిషనరీలు కూడా మొదటి పేరుతో పిలుచుకోరు. జపానులో ఇవే పదాలు ఇంటిపేరు తరవాత 'చోరో', 'షిమై' అని చేరతాయి.

తెలుగు విద్యార్థులకు ఇది కొత్త విషయం కాదు. అయ్యప్ప దీక్ష తీసుకున్న మనిషిని నలభై ఒక్క రోజులు ఇంట్లో వాళ్ళు కూడా 'స్వామీ' అనే పిలుస్తారు. దుస్తుల రంగు మారుతుంది, తిండి మారుతుంది, నిద్ర లేచే వేళ మారుతుంది. పేరును, దుస్తులను, ఆహారాన్ని మార్చడం ద్వారా మనిషిని మామూలు జీవితం నుంచి వేరుచేయడం చాలా మతాల్లో ఉంది. అయితే దీక్షలో ఉన్న మనిషి తన ఊళ్ళోనే, తన ఉద్యోగం చేసుకుంటూ ఉండవచ్చు. మిషనరీ ఊరు, భాష, ఇల్లు అన్నీ వదులుతాడు. పైగా దీక్షలో ఇతరులకు బోధించవలసిన పని లేదు.

తరవాతి మజిలీ శిక్షణ కేంద్రం. వీటిలో అన్నిటికన్నా పెద్దది యూటాలోని ప్రోవో పట్టణంలో ఉంది. అక్కడ యాభైకి పైగా భాషలు నేర్పుతారు. తెలిసిన భాషలోనే పనిచేసేవారికి శిక్షణ సుమారు మూడు వారాలు. కొత్త భాష నేర్చుకోవాలంటే ఆరు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది. ఇప్పుడు ఇందులో మొదటి భాగాన్ని ఇంటి దగ్గరి నుంచే ఆన్‌లైన్‌లో చేస్తున్నారు. నేర్పేవారిలో ఎక్కువమంది ఆ మధ్యనే మిషన్ ముగించుకుని వచ్చిన విద్యార్థులు. మొదటి రోజుల నుంచే వచ్చీరాని కొత్త భాషలో ప్రార్థించమంటారు, బోధించమంటారు. తప్పులు దొర్లుతాయి. తప్పు మాట్లాడడానికి సిగ్గుపడకపోవడమే అక్కడి మొదటి పాఠం.

11.4 నడిమి దశ : పరదేశంలో దినచర్య

11.4.1 ఒక రోజు

దశాబ్దాల పాటు ప్రపంచంలోని మిషనరీలందరూ దాదాపు ఒకే కాలపట్టికను పాటించారు. 2017 నుంచి స్థానిక పరిస్థితులను బట్టి కొంత సడలింపు ఇచ్చారు. స్థూలంగా రోజు ఇలా ఉంటుంది :

ఉదయం 6.30 – నిద్ర లేవడం, ప్రార్థన, అరగంట వ్యాయామం
ఉదయం 7.00 – స్నానం, ఉపాహారం
ఉదయం 8.00 – సొంతంగా గ్రంథ పఠనం, తరవాత సహచరునితో కలిసి చదవడం, భాషా అభ్యాసం
సుమారు ఉదయం 10.00 లేదా 11.00 – బయటికి వెళ్ళడం
రాత్రి 9.00 – గదికి చేరడం, మరుసటి రోజు ప్రణాళిక, డైరీ
రాత్రి 10.30 – దీపం ఆర్పడం

ఈ పట్టికలో సినిమా లేదు, టీవీ లేదు. ప్రేమ వ్యవహారాలు నిషిద్ధం. తీరిక వేళ అంటూ దాదాపు ఉండదు. పద్దెనిమిదేళ్ళ వయసులో అమెరికా యువకుడికి మామూలుగా లభించే స్వేచ్ఛ అంతా ఇక్కడ పక్కకు తప్పుకుంటుంది. ఒక కాలపట్టిక ఆ స్థానంలోకి వస్తుంది.

11.4.2 సహచరుడు

మిషన్ నియమాల్లో అన్నిటికన్నా బలమైనది జంట నియమం. యేసు తన శిష్యులను ఇద్దరిద్దరుగా పంపాడన్న బైబిలు కథనం దీనికి ఆధారం. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. స్నానాల గదిలో తప్ప మిగిలిన అన్ని వేళల్లో సహచరుడు కంటికి కనిపించేంత, మాట వినిపించేంత దూరంలో ఉండాలి. ఒకే గదిలో పడుకోవాలి, కలిసి వండుకోవాలి, కలిసి తలుపులు తట్టాలి.

ఈ సహచరుడిని ఎంచుకునే హక్కు మిషనరీకి లేదు. ఆ ప్రాంతపు మిషన్ అధ్యక్షుడు నిర్ణయిస్తాడు. అధ్యక్షుడు, అతని భార్య సాధారణంగా మూడేళ్ళు ఆ బాధ్యతలో ఉంటారు. ప్రతి ఆరు వారాలకు 'ట్రాన్స్‌ఫర్' అనే బదిలీల రోజు వస్తుంది. ఆ రోజు కొందరి ఊరు మారుతుంది, కొందరి జోడీ మారుతుంది. కొత్తగా వచ్చినవారికి మొదటి పన్నెండు వారాలు అనుభవమున్న శిక్షకుడు జోడీగా ఉంటాడు. మిషనరీల వాడుకలో ఆ శిక్షకుడిని 'తండ్రి' అనడం కూడా ఉంది. వయసులో మాత్రం ఇద్దరికీ సాధారణంగా పెద్ద తేడా ఉండదు!

ఈ బంధం తేలిక కాదు. ఒకడు తెల్లవారకముందే లేచి ఉత్సాహంగా ఉంటాడు. మరొకడికి మధ్యాహ్నం దాకా మాట పెగలదు. ఒకడికి నియమాలంటే ప్రాణం. మరొకడికి అవి సంకెళ్ళు. పోట్లాడుకున్నా విడిగా వెళ్ళి కూర్చునే చోటు లేదు. మరుసటి రోజు ఉదయం ఇద్దరూ పక్కపక్కన నిలబడి ప్రేమ గురించి, శాంతి గురించి ఎవరికో బోధించాలి. మిషన్ పూర్తిచేసిన వారిలో చాలామంది, తాము నేర్చుకున్న వాటిలో కష్టమైన పాఠం ఇదేనంటారు. ఇష్టంలేని మనిషితో ఆరు వారాలు గౌరవంగా బతకడం వారికి తరవాత పెళ్ళిలోను, ఉద్యోగంలోను అక్కరకు వస్తుంది.

ఈ నియమానికి మరొక ముఖం ఉంది. సహచరుడు తోడు మాత్రమే కాదు, కాపలా కూడా. ఒకడు నియమం తప్పితే రెండోవాడు చూస్తాడు. ఈ అంశాన్ని 11.6లో మళ్ళీ చర్చిస్తాం.

11.4.3 భాష, పలకరింపు

తొమ్మిది వారాల శిక్షణతో జపనీస్ రాదు. టోక్యో రైల్వే స్టేషనులో దిగిన కొత్త మిషనరీకి బోర్డుల మీది లిపి చదవడం రాదు, దుకాణదారు వేగం అందదు. అతనికి కంఠస్థంగా వచ్చింది విశ్వాసం గురించి మాట్లాడడమే. దేవుడి గురించి నాలుగు వాక్యాలు చెప్పగలడు. పంటి నొప్పి అని దంతవైద్యుడికి చెప్పలేడు. దీనివల్ల మొదటి నెలల్లో అతడు చిన్నపిల్లవాడి స్థితికి దిగిపోతాడు. ఇంట్లో తెలివైనవాడు అనిపించుకున్నవాడు ఇక్కడ ప్రతి మాటకూ శిక్షకుడి ముఖం చూడాలి.

జపానులో మిషనరీలు ఉచితంగా ఇంగ్లీషు సంభాషణ తరగతులు నడుపుతారు. వీటిని 'ఎకైవా' అంటారు. అక్కడికి వచ్చేవారిలో చాలామందికి మతంతో పని లేదు, ఇంగ్లీషు కావాలి. మిషనరీకి మాత్రం ఆ గంట ఎంతో ఊరట. వారంలో తాను తెలిసినవాడిగా, ఎదుటివారు నేర్చుకునేవారుగా ఉండే సమయం అదొక్కటే.

11.4.4 తిండి, టీ

మోర్మన్ల ఆహార నియమం ప్రకారం మద్యం, పొగాకు, కాఫీ, టీ నిషిద్ధం. ఈ నియమం పరదేశంలో మర్యాదకు పరీక్ష అవుతుంది. జపానులో ఇంటికి వచ్చిన అతిథికి గ్రీన్ టీ ఇవ్వడం సంప్రదాయం. నాలుగు వారాలు తిరిగితే ఒక్క తలుపు తెరుచుకుంటుంది. ఆ ఇంటి పెద్దావిడ ఆదరంతో టీ తెచ్చి ముందు పెడుతుంది. తాగితే నియమం తప్పుతుంది, తాగకపోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. చాయ్ ఇవ్వబోతే వద్దనే చుట్టంతో మన ఇళ్ళలో ఏర్పడే ఇబ్బంది వంటిదే ఇది. అనుభవమున్న మిషనరీలు ముందుగానే సంగతి వివరించి, బార్లీ గింజలతో కాచే 'ముగిచా' గాని, మంచినీళ్ళు గాని చాలునంటారు. పేరుకు 'చా' అని ఉన్నా ముగిచాలో తేయాకు ఉండదు.

ఇక మిగిలిన తిండి విషయంలో నియమం తలకిందులుగా పనిచేస్తుంది. పెట్టినది వద్దనకూడదు. పులియబెట్టిన సోయా గింజలైన నత్తో వాసన, జిగురు తొలిసారి తినేవారికి కష్టంగా ఉంటాయి. అయినా తింటారు. ఇంటి అద్దె మిషన్ చూసుకుంటుంది. తిండికి, చిల్లర ఖర్చులకు నెలకు కొంత మొత్తం ఇస్తుంది. నెలాఖరుకు అది అడుగంటడం చాలామందికి అనుభవమే.

11.4.5 మూసుకున్న తలుపు

రోజులో ఎక్కువ భాగం నిరాకరణలోనే గడుస్తుంది. జపానులో ఎవరూ కేకలు వేయరు. ఇంటర్‌కమ్‌లో మర్యాదగా 'కెక్కో దెసు' అంటారు, అంటే 'అక్కర్లేదండి' అని. ఫ్రాన్స్‌లోనూ, మరికొన్ని దేశాల్లోనూ తలుపు గట్టిగానే మూసుకుంటుంది. వానలో సైకిలు తొక్కి, సాయంత్రం వరకు ఒక్కరితోనూ అయిదు నిమిషాలు మాట్లాడకుండా గదికి చేరిన రోజులు ప్రతి మిషనరీకీ ఉంటాయి.

ఈ అనుభవం రెండు విధాలుగా పనిచేస్తుంది. ప్రతిరోజూ తన విశ్వాసాన్ని కొత్తవారికి వివరించవలసి రావడం వల్ల అది కొందరిలో గట్టిపడుతుంది. ఇంట్లో అమ్మానాన్నల మతంగా ఉన్నది ఇప్పుడు తన సొంత మాట అవుతుంది. మరికొందరిలో ఇదే అభ్యాసం సందేహాన్ని లేపుతుంది. ఎదుటి మనిషి బౌద్ధంలో, షింటోలో నిశ్చింతగా, మంచిగా బతుకుతున్నప్పుడు తాను ఆయనకు ఏమి ఇవ్వడానికి వచ్చినట్టు? ఈ ప్రశ్న తలెత్తిన కుర్రవాడికి దానిని పంచుకునే చోటు తక్కువ. పక్కనున్న సహచరుడూ మిషనరీయే.

ఫలితాల లెక్క కూడా ఒత్తిడి తెస్తుంది. వారంవారం ఎంతమందికి బోధించారు, ఎందరు ప్రార్థనకు వచ్చారు అని నివేదిక పంపాలి. సంఖ్యల మీదే దృష్టి నిలిపితే ఏమవుతుందో చరిత్రలో ఉదాహరణలున్నాయి. 1960 ప్రాంతంలో బ్రిటన్‌లో బేస్‌బాల్ ఆటల పేరుతో పిల్లలను చేరదీసి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో ఎక్కువమంది ఆ తరవాత సంఘం ముఖం చూడలేదు. 1980 ప్రాంతంలో జపానులోనూ హడావిడిగా ఇచ్చిన బాప్తిస్మాల విషయంలో ఇలాగే జరిగింది. ఈ అనుభవాలు సంఘంలోనే విమర్శకు గురయ్యాయి.

11.4.6 వారంలో ఒక రోజు

వారానికి ఒక రోజును 'సన్నాహ దినం' అంటారు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, ఊరు చూడడం, ఇంటికి ఉత్తరాలు రాయడం ఆ రోజు పనులు. చాలాకాలం పాటు ఇంటికి ఫోను చేసే అవకాశం ఏడాదికి రెండుసార్లే – క్రిస్మస్‌కు, మాతృదినానికి. మిగిలిన రోజుల్లో వారానికి ఒక ఉత్తరం, తరవాత ఈ-మెయిలు. 2019 ఫిబ్రవరి నుంచి సన్నాహ దినాన ప్రతి వారం ఫోనులో గాని, వీడియోలో గాని మాట్లాడడానికి అనుమతించారు.

ఈ మార్పు చిన్నదిగా కనిపించినా నడిమి దశ స్వభావాన్నే కదిలించింది. విడిపోవడం అంటే గొంతు కూడా వినబడకపోవడం అనే పాత పద్ధతి పోయింది. దిగులుపడే పిల్లలకు ఇది మేలు చేసింది. ప్రతి వారం అమ్మ ముఖం చూసి ఫోను పెట్టేయడమే ఎక్కువ కష్టమని చెప్పేవారూ ఉన్నారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II
3. జంట నియమం అంటే ఏమిటి?
4. 2019లో కుటుంబంతో మాట్లాడే నియమంలో వచ్చిన మార్పు ఏమిటి?

11.5 తిరిగి చేరే దశ

గడువు ముగిశాక మిషనరీ విమానాశ్రయంలో దిగుతాడు. కుటుంబమంతా బ్యానర్లు పట్టుకుని ఎదురుచూస్తుంది. అయితే అతడు ఇంకా మిషనరీయే. ప్రత్యేకించిన సంఘ పెద్దే అతడిని 'విడుదల' చేయాలి. ఆ మాట చెప్పాక పేరుబిళ్ళ తీసేస్తాడు. రెండేళ్ళ తరవాత మొదటిసారి ఒంటరిగా గదిలో ఉంటాడు. చాలామందికి ఆ ఒంటరితనం వింతగా ఉంటుందట. పక్కన ఎవరూ లేకుండా వీధిలోకి వెళ్ళడానికి కాళ్ళు తడబడతాయి. మాతృభాషలో మాటలు వెతుక్కోవలసి వస్తుంది.

సమాజంలో అతని స్థానం మారింది. ఇప్పుడతడు 'మిషన్ చేసి వచ్చినవాడు'. పెళ్ళి సంబంధాల్లో, సంఘ బాధ్యతల్లో ఆ మాటకు విలువ ఉంది. నేర్చుకున్న భాష ఉపాధిగా మారినవారూ ఉన్నారు. అమెరికా రాజకీయ నాయకుడు మిట్ రోమ్నీ 1960ల్లో ఫ్రాన్స్‌లో, తరవాతి కాలంలో చైనాలో అమెరికా రాయబారిగా పనిచేసిన జాన్ హంట్స్‌మన్ జూనియర్ తైవాన్‌లో మిషన్ చేశారు. 1971లో మిషనరీగా జపాను వెళ్ళిన కెంట్ గిల్బర్ట్ తరవాత న్యాయవాదిగా తిరిగివచ్చి అక్కడి టీవీలో ప్రసిద్ధుడయ్యాడు.

గడువుకు ముందే తిరిగివచ్చేవారి సంగతి వేరు. అనారోగ్యం, మానసిక వేదన, నియమోల్లంఘన, విశ్వాసం సడలడం – కారణం ఏదైనా విమానాశ్రయంలో బ్యానర్లు ఉండవు. ఇరుగుపొరుగు అడగరు. అడగకపోవడమే అతడిని బాధిస్తుంది. వాన్ గెనెప్ పరిభాషలో చెప్పాలంటే అతడు నడిమి దశలోనే చిక్కుకున్నాడు. పాత కుర్రవాడూ కాడు, మిషన్ చేసి వచ్చినవాడూ కాడు. సంఘం ఇటీవలి కాలంలో మానసిక వైద్య సలహా, ఇంటి దగ్గరే ఉండి చేసే సేవా మిషన్ వంటి మార్గాలు ఏర్పరచింది. అయినా వెనక్కి వచ్చిన కుర్రవాడికి పూర్తి గౌరవం ఇవ్వడం ఆ సమాజం ఇంకా నేర్చుకుంటూనే ఉంది. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా విదేశాల్లో ఉన్న వేలమంది మిషనరీలను ఒక్కసారిగా ఇళ్ళకు పంపినప్పుడు, తమ తప్పు లేకుండానే మధ్యలో ఆగిపోయిన అనుభవం ఎంతోమందికి ఎదురైంది.

11.6 విశ్లేషణ : గోడలు లేని సంస్థ

గాఫ్‌మన్ చెప్పిన సంపూర్ణ సంస్థ లక్షణాలను ఇప్పుడు పోల్చి చూడండి. ఒకే అధికారం ఉంది. కాలపట్టిక ఉంది. ఒకే రకమైన దుస్తులు, కొత్త పిలుపు, పాత గుర్తింపును తీసివేయడం ఉన్నాయి. కానీ ఒక ముఖ్యమైన లక్షణం లేదు. గోడ లేదు. మిషనరీ రోజంతా బజారులో, రైలులో, ఇతరుల ఇళ్ళలో, తన నియమాలతో సంబంధం లేని మనుషుల మధ్య తిరుగుతాడు.

మరి ఈ వ్యవస్థ ఎలా నిలబడుతుంది? గోడ చేసే పనిని మూడు విషయాలు పంచుకుంటాయి. మొదటిది సహచరుడు : ఎక్కడికి వెళ్ళినా సంస్థ పక్కనే నడుస్తుంది. రెండోది పేరుబిళ్ళ : చూసే ప్రతివారికీ తాను ఎవరో తెలుసు కనుక అతడు తనను తాను అదుపులో పెట్టుకుంటాడు. మూడోది నిరాకరణ : బయటి ప్రపంచం తలుపు మూసిన కొద్దీ ఇద్దరూ ఒకరికొకరు మరింత దగ్గరవుతారు. విక్టర్ టర్నర్ నడిమి దశలో ఉన్నవారి మధ్య ఏర్పడే ఈ సమభావ బంధాన్ని 'కమ్యూనిటాస్' అన్నాడు.

ఈ దృష్టితో చూస్తే ఒక చారిత్రక ప్రశ్నకు కూడా సమాధానం దొరుకుతుంది. బయటివారు అంత తక్కువగా చేరే దేశాలకు కూడా ఈ సంఘం తన పిల్లలను ఎందుకు పంపుతూ ఉంటుంది? ప్రచారం ఒక ఉద్దేశం, సందేహం లేదు. దానితో పాటు తరవాతి తరం సభ్యులను, నాయకులను తయారుచేసే పాఠశాల కూడా మిషనే. ఎదుటివారు మారినా మారకపోయినా, తలుపు తట్టినవాడు మారతాడు. అయితే ఏ దిశలో మారతాడో సంస్థ చేతిలో పూర్తిగా లేదు. కొందరు గట్టి విశ్వాసులుగా తిరిగివస్తారు. కొందరు పరాయి దేశాన్ని ప్రేమించి, తమ విశ్వాసాన్ని ప్రశ్నిస్తూ తిరిగివస్తారు. గోడ లేకపోవడానికి చెల్లించే మూల్యం ఇది.

11.7 తెలుగు ప్రాంతంతో సంబంధం

ఈ సంఘానికి తెలుగు ప్రాంతంతో సంబంధం ఉంది. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ ఈ సంఘంలో చేరిన తెలుగు దంపతులు 1978 చివరలో కొద్దికాలపు మిషన్ మీద హైదరాబాదు వచ్చి, తమ బంధువర్గంలో 22 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మోర్మన్ గ్రంథానికి తెలుగు అనువాదం ఉంది. 1993లో బెంగళూరు కేంద్రంగా భారతదేశానికి మిషన్ ఏర్పడింది. 2012 మేలో దేశంలోని తొలి 'స్టేక్' (కొన్ని స్థానిక సంఘాల కూటమి) హైదరాబాదులో ఏర్పడింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆ దంపతులు పరాయి భాషలో అపరిచితుల తలుపులు తట్టలేదు. సొంత భాషలో, చుట్టరికం ఉన్న ఇళ్ళలోనే మాట్లాడారు. జపానులో ఏళ్ళ తరబడి శ్రమించినా దొరకని స్పందన వారికి కొద్ది వారాల్లో లభించింది. మత వ్యాప్తిలో పరిచయం లేని ప్రచారకుని కన్నా బంధుత్వానికి, స్నేహానికి బలం ఎక్కువ అని సమాజశాస్త్రం చెప్పే సూత్రానికి ఇది ఉదాహరణ.

11.8 సారాంశం

మోర్మన్ యువతీ యువకులు 18 లేదా 24 నెలలు సొంత ఖర్చుతో మిషనరీలుగా పనిచేస్తారు. పిలుపు, ప్రత్యేకించడం, శిక్షణలతో వారు పాత జీవితం నుంచి విడిపోతారు. నడిమి దశలో కాలపట్టిక, జంట నియమం, కొత్త భాష, ఆహార నియమాలు, రోజువారీ నిరాకరణ వారిని తీర్చిదిద్దుతాయి. విడుదలతో కొత్త హోదాలో తిరిగి చేరతారు. మధ్యలో వచ్చినవారికి ఆ హోదా దక్కదు. ఈ వ్యవస్థ గోడలు లేని సంపూర్ణ సంస్థ వంటిది. దీని ప్రభావం ఇతరుల మీద కన్నా మిషనరీ మీదే ఎక్కువ.

11.9 సమీక్ష ప్రశ్నలకు సమాధానాలు

1. యువకులకు 19 నుంచి 18కి, యువతులకు 21 నుంచి 19కి తగ్గించారు.
2. ఖరీదైన దేశాలకు వెళ్ళినవారి కుటుంబాల మీద ఎక్కువ భారం పడకుండా అందరికీ ఒకే మొత్తం నిర్ణయించడానికి.
3. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా కాక, సంఘం నియమించిన సహచరునితోనే ఉండాలనే నియమం.
4. ఏడాదికి రెండు ఫోను పిలుపుల స్థానంలో వారానికి ఒకసారి మాట్లాడే అనుమతి ఇచ్చారు.

11.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వాన్ గెనెప్ మూడు దశలను మోర్మన్ మిషనరీ జీవితానికి అన్వయించి వివరించండి.
2. మిషన్‌ను సంపూర్ణ సంస్థ అనవచ్చునా? మీ వాదనను ఉదాహరణలతో సమర్థించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గడువుకు ముందే తిరిగివచ్చిన మిషనరీ ఎదుర్కొనే సామాజిక సమస్యలను తెలపండి.
2. నిరాకరణ మిషనరీ విశ్వాసంపై చూపే రెండు రకాల ప్రభావాలు ఏవి?

III. కృత్యం : మీ ప్రాంతంలో దీక్ష తీసుకున్న వ్యక్తితో గాని, ఇల్లు వదిలి హాస్టలులో లేదా సైనిక శిక్షణలో మొదటి సంవత్సరం గడిపిన వ్యక్తితో గాని మాట్లాడండి. వారి పేరు, దుస్తులు, ఆహారం, సమయపాలనలో వచ్చిన మార్పులను రాసుకుని, ఈ భాగంలోని విషయాలతో పోల్చండి.

11.11 పారిభాషిక పదాలు

పరివర్తన సంస్కారాలు : ఒక సామాజిక స్థితి నుంచి మరొక స్థితికి మారే సందర్భంలో జరిపే ఆచారాలు.
సంపూర్ణ సంస్థ : సభ్యుల జీవితంలోని అన్ని పనులను ఒకే అధికారం కింద నడిపే సంస్థ.
కమ్యూనిటాస్ : నడిమి దశలో ఉన్నవారి మధ్య హోదాలతో నిమిత్తం లేకుండా ఏర్పడే బంధం.
ప్రత్యేకించడం : తల మీద చేతులుంచి ప్రార్థించి, ఒక వ్యక్తిని మిషనరీగా నియమించే ఆచారం.
సన్నాహ దినం : మిషనరీ సొంత పనులకు కేటాయించిన వారపు రోజు.